సరంగు వద్దన్న పోటు

వైశాఖ బహుళ నవమి

పై ఆఫీసు వారు ఈ పుస్తకంలో నన్ను రాయమన్నది నాలుగు ముక్కలే. పోటు ఎలా ఉంది, గాలి ఎటు, బార్జి వచ్చిందా, ఏం దిగింది. ఈ రోజు బార్జి లేదు. అయినా రాస్తున్నాను. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే చదివేవారు మన్నించాలి. ఇంత సంతోషాన్ని కడుపులో పెట్టుకుని పడుకుంటే నిద్ర పట్టడం లేదు.

నా కూతురు నా చేతి వంట తింటోంది. అదీ విషయం.

కూతురంటే మేజర్ గరికిన నూకరత్నం. ఈ తాబేటిమెట్ట దీవి మీద పని చేసే సైన్యం ఇంజనీర్లందరికీ పెద్ద. నేను గరికిన ఎల్లాజీని, మొగ దగ్గర బార్జిలకి దారి చెప్పే సరంగుని. దాని తల్లి పోయేటప్పటికి అది అ ఆలు దిద్దుతోంది. నేనేమో సముద్రం మీద ఉండేవాణ్ణి. హాస్టల్లో వేశాను, హాస్టల్ నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి సైన్యానికి పోయింది. బిడ్డకి నాలుగు పూటలు వరసగా అన్నం పెట్టిన గుర్తు నాకు లేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం నా రేకుల పాకకి వచ్చి, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని కంచం పట్టుకుంటుంది. ఏ దేవుడు ఈ దీవికి దాన్ని పంపాడో గానీ ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను.

కాంక్రీటు పని చూసే హవల్దార్ ఓబులేసుది కడప వైపు. ఈ రోజు నన్ను ఆపి, "పెద్దాయనా, మేడమ్ మా మెస్సులో తినేది మానేసినాక మా వంటోడు మొగం వేలాడేసుకోని ఉండాడు. ఏం మందు పెడ్తివి నువ్వు?" అన్నాడు.

"ఎండు నెత్తళ్ళు బాబూ."

"మాకూ పెట్టరాదా ఆ మందు?"

"నువ్వు నా కూతురివేటి?"

రోజంతా తలుచుకుని నవ్వుకున్నాను.

వైశాఖ బహుళ ద్వాదశి

ఎల్లుండి కాక ఆ మర్నాడు అమావాస్య, బార్జి వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ తప్ప మా మొగలో నీళ్ళు చాలవు. మొగ అంటే దీవి చుట్టూ ఉన్న రాళ్ళ వరసలో ఉన్న ఒకే ఒక్క సందు. బార్జిలో మనిషి ఉండడు. దాని మెదడు దానికుంది, ఏ రేవులోకైనా తనంతట తనే పోతుంది. ఈ మొగలో మాత్రం రెండు బార్జిలు రాళ్ళకి కొట్టుకుని పోయాయి. అప్పుడు నన్ను తెచ్చారు. అది బయట నిలబడి రావచ్చునా అని అడుగుతుంది, నేను కెరటం చూసి మైకులో చెబుతాను. నా మాట వినీ వినీ నేర్చుకుంటుంది, నేర్చుకున్నది తోటి బార్జిలకి కూడా చెబుతుంది. దాన్ని తయారు చేసిన కుర్ర ఇంజనీరు నాతో, "కొన్నాళ్ళకి మీ చూపంతా దానికి వచ్చేస్తుంది తాతా" అన్నాడు. మహారాజులా రానీ అన్నాను.

ఈసారి దిగేవి నల్ల బరకాల చుట్టలు. దీవిలో తాగే నీరు లేదు. మెట్ట నడుమ చెరువంత గొయ్యి తవ్వి, గోడలు కట్టి, వాన నీరు పట్టాలని మా అమ్మాయి పని. రాయి జల్లెడ లాంటిది, అడుగున బరకం పరిచి అతికితే గానీ చుక్క నిలవదు. చెరువు నిండితే ఓడ జనం దిగుతారు. వాళ్ళు ములిగిపోయిన లంకల వాళ్ళు. ఒక పాత ప్రయాణికుల ఓడలో ఉంటున్నారు, అది మాకు ఎదురుగానే లంగరేసి ఉంది. ఆరేసిన చీరలు ఇక్కడికి కనపడతాయి.

సాయంత్రం మా అమ్మి వచ్చింది. మోచేతుల దాకా సిమెంటు.

"ఏటి కూర?"

"నెత్తళ్ళు."

"రోజూ నెత్తళ్ళేనా అయ్యా?"

"మేజరువి కదా, సముద్రానికి ఆర్డరెయ్యి. వంజరం పంపిస్తాది."

నవ్వింది. రెండోసారి అన్నం పెట్టించుకుని, తింటూ తింటూ చెప్పింది. "ఈ పోటుకి బరకాలు దిగితే పౌర్ణమిలోగా పరిచేస్తాం. పౌర్ణమి బార్జిలో మేం ఎల్లిపోతాం. ఆర్డరొచ్చింది. దక్షిణాన ఇంకో దీవి ఉంది."

"మరి నాను?"

"నీకు ఓడ జనం దిగి కుదురుకునేదాకా ఇక్కడే పనుంది కదా."

అవును కదా అన్నాను. కంచం కడిగి ఇచ్చి, చాప మీద ఒరిగి అలాగే నిద్రపోయింది. సముద్రం గాలి బాగానే వస్తోంది. అయినా విసనకర్ర పట్టుకుని విసురుతూనే కూర్చున్నాను.

వైశాఖ అమావాస్య

పోటు బాగా ఎక్కింది. గాలి దక్షిణం. బార్జి రాలేదు. కెరటం మంచిది కాదు, వద్దన్నాను.

ఇసకలో బండి చక్రాలు దిగబడకుండా పొద్దున్నే ఇనప చాపలు పరిచారు. బండ్లు వరసన నిలబెట్టారు. ముందు దిగాల్సింది ఆఖరున ఎక్కించమని ఒడ్డున ఉన్న డిపోకి మా అమ్మాయి ఎప్పుడో చెప్పి ఉంచింది, కాబట్టి బరకాలే ముందు దిగాలి, వెనక తాగునీటి డబ్బాలు, ఆ వెనక కంకర. పోటు తీసేలోగా దింపి ఖాళీ డ్రమ్ములు ఎక్కించి పంపాలి, లేకపోతే బార్జి రాళ్ళ మీద కూర్చుండిపోతుంది. అందరూ చేతులు నలుపుకుంటూ నా మొహం చూస్తున్నారు.

బార్జి అడిగింది. "సరంగు గారికి నమస్కారం. మొగ బయట ఉన్నాను. రావచ్చునా?"

వద్దన్నాను.

సరంగు వద్దంటే ఎందుకని అడగకూడదు. ఓడల మీద పని చేసే మా కళాసీల్లో తాతల నాటి కట్టుబాటు అది. కారణం చెప్పుకోవలసి వస్తుందన్న భయం ఉంటే, వద్దనాల్సిన రోజున సరంగు నోరు పెగలదు. మా అమ్మాయికి ఆ సంగతి తెలుసు. ఈ దీవి మీద అందరికీ ఆర్డరు వేయగలిగిన మనిషి, నన్ను ఒక్క మాట అడగలేదు.

"సరంగు వద్దన్నాడు. చాపలు ఎత్తండి" అంది.

బార్జి తిరిగి పోయింది. దేవుడి దయ వల్ల మా అమ్మాయి ఇంకో పక్షం ఉంటుంది. ఈ పూట కొబ్బరి వేసి వండాను.

జ్యేష్ఠ శుద్ధ విదియ

మొన్న రాసింది చదువుకున్నాను. కెరటం మంచిది కాదని రాశాను. కొట్టెయ్యాలనిపించింది, కొట్టెయ్యలేదు.

కెరటం మంచిదే. చైత్రంలో అంతకన్నా పెద్దదానికి రమ్మని పిలిచాను. మరి వద్దని ఎందుకు వచ్చింది నోటికి? అబద్ధం ఆడదామని నేను కూర్చుని అనుకోలేదు, నా బిడ్డ మీద ఒట్టు. రావచ్చునా అని అది అడగ్గానే, మా అమ్మాయి చాప మీద ఒరిగి నిద్రపోవడం కళ్ళ ముందుకి వచ్చింది. నోరు దానంతట అదే పలికింది. పలికాక వెనక్కి తీసుకోవడానికి ఎంత సేపు? తీసుకోలేదు.

నా దగ్గర పని నేర్చుకునే వాసుపల్లి దానయ్యకి పిల్లలున్నారు, బుద్ధిమంతుడు. అతను అడిగాడు, నేర్చుకునేవాడు అడగొచ్చు. "మావా, సైత్రంలో కెరటం ఇంతకన్నా పెద్దది కదేటి?"

"అప్పటి గాలి ఏరు, ఇప్పటి గాలి ఏరురా."

"ఓహో, అలాగా" అని తల పంకించి గాలి వైపు చూసి మనసులో రాసుకున్నాడు. అతని మొహం చూడలేక తాళ్ళు సర్దే పనిలో పడ్డాను.

అయినా సాయంత్రం అమ్మి వచ్చి కంచం ముందు కూర్చునేసరికి ఆ బాధ ఎక్కడికి పోయిందో తెలియదు. ఇంత సిగ్గు మాలిన సంతోషం కూడా ఉంటుందా మనిషికి?

జ్యేష్ఠ శుద్ధ షష్ఠి

నీళ్ళు రేషను పెట్టారు. దీవి మీద నిల్వ ఉన్న దానిలోనే ఓడకి కూడా ఇస్తున్నాం. ఈ రోజు నీళ్ళ డబ్బాల కోసం ఓడ నుంచి పడవ వచ్చింది. అందులో సింహాచలం అనే ముసలామె, ఆమె మనవరాలు. పిల్లని ఒకసారి నేల మీద నిలబెట్టి తీసుకుపోతానని బతిమాలుకుని ఎక్కిందట.

ఇసక మీద దింపింది. పిల్ల నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టి, అటు ఊగి ఇటు ఊగి కూలబడింది. మళ్ళీ లేపింది. మళ్ళీ ఊగి పడింది.

"ఓడ మీద నడక నేర్సింది బాబూ. నేల ఊగదు కదా, దీనికి తెల్డం లేదు" అని నవ్వింది సింహాచలం. తరవాత గొంతు తగ్గించి అడిగింది. "మొన్న బార్జి తిరిగి పోయిందంట. మేం దిగడం ఎనక్కి ఎల్లిపోయిందేటి?"

"ఒక పక్షం."

"సముద్రం ఒప్పకపోతే నువ్వేటి సేస్తావు బాబూ. నీకేటి తెల్సు మా గురించి, అయినా మా కోసం రాత్రీ పగలూ కాపలా కాస్తన్నావు."

నా రెండు చేతులూ పట్టుకుంది. నేను గింజుకుని లాక్కున్నాను. మొరటు మనిషి అనుకుని ఉంటుంది.

జ్యేష్ఠ శుద్ధ నవమి

మధ్యాహ్నం వాన పడింది. ఈ ఏటి మొదటి వాన, ముందుగా వచ్చేసింది.

సిపాయిలంతా పని ఆపి గొయ్యి గట్టున నిలబడ్డారు. వాన ఎంత కురిసిందని చెప్పను, పక్క మనిషి మాట వినపడలేదు. గొయ్యి నిండా నీళ్ళు దిగుతున్నాయి, దిగిన నీళ్ళు దిగినట్టే రాతిలోకి పోతున్నాయి. వాన వెలిసేటప్పటికి అడుగున తడి తప్ప ఏమీ లేదు. అమావాస్యకి బరకాలు దిగి ఉంటే సగం పని అయ్యేది, పరిచినంత మేరా నీళ్ళు నిలిచేవి.

ఓబులేసు గట్టు మీద గొంతుక్కూర్చుని, "నోటికాడి కూడు పాయె పెద్దాయనా" అన్నాడు. నన్ను దెప్పడానికి కాదు, పక్కన నేనున్నాను కాబట్టి అన్నాడు.

మా అమ్మాయి తడిసిన బట్టలతోనే లోపలికి దిగి, రాతి మీద అరచెయ్యి పెట్టి చూసింది. సాయంత్రం తిండికి వచ్చింది గానీ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. "పౌర్ణమికి తప్పకుండా దిగాల అయ్యా. ఈ వానలు పోతే మళ్ళీ వచ్చే ఏడే. ఓడ మీద ఇంకో ఏడాది ఉండలేరు వాళ్ళు."

"దిగుతాది అమ్మీ. నాను దింపుతాను" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాను.

జ్యేష్ఠ పౌర్ణమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కెరటం అమావాస్య నాటి లాంటిదే. ఇనప చాపలు పరిచారు, బండ్లు నిలబెట్టారు. బార్జి మొగ దగ్గరికి రాగానే, అది అడగకముందే, "రా, రా తల్లీ" అని పిలిచాను. అది కదల్లేదు.

"సరంగు గారికి నమస్కారం. ఇదే కెరటానికి అమావాస్య నాడు మీరు వద్దన్నారు. నా కొలతకి అది రాదగిన కెరటం. నా కొలత తప్పు, మీ చూపు సరి అని నేర్చుకున్నాను. అందుచేత ఈ రోజు రాలేను."

"అప్పుడు సెప్పింది నానే, ఇప్పుడు సెప్పేదీ నానే. రా."

"అమావాస్య నాడు నేను చూడలేనిది మీరేదో చూశారు. అదేమిటో చెప్పండి. ఈ రోజు అది లేదని చూసుకుని వస్తాను."

పక్కన దానయ్య, వెనక ఓబులేసు, ఆ వెనక మా అమ్మాయి. వైర్‌లెస్ పట్టుకున్న సిపాయి ఆమెతో చెబుతున్నాడు, పక్క దీవుల దగ్గర కూడా పొద్దుటి నుంచి బార్జిలు బయటే నిలబడిపోయాయట, ఈ కెరటానికి రామంటున్నాయట. నా ఒక్క మాట ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది.

పోటు తీయడం మొదలైతే ఇంక ఏమీ చేయలేం. ఆ రోజు మొగలోకి దుంగ ఒకటి కొట్టుకొచ్చిందని చెప్పెయ్యొచ్చు. అది నమ్ముతుంది. నాలిక చివరి దాకా వచ్చింది. కానీ ఇకముందు ఏ మొగలోనైనా లేని దుంగ కోసం వెతుక్కుంటూ నిలబడుతుంది, అన్ని బార్జిలూ నిలబడతాయి. ఇంకా దగ్గరలో దానయ్య ఉన్నాడు, నా నోటి వంకే చూస్తున్నాడు, అతను కూడా నేర్చుకుంటాడు.

"ఆ రోజు కెరటం బాగానే ఉన్నాది" అన్నాను. "బరకాలు దిగితే మా అమ్మాయి ఎల్లిపోద్ది. ఇంకో పక్షం ఉంటాదని వద్దన్నాను. అంతే. సముద్రంలో నానేటీ సూడనేదు."

బార్జి జవాబు ఇచ్చింది.

"ఈ కారణం కెరటానికి సంబంధించినది కాదు. అమావాస్య నాటి పాఠాన్ని తీసేస్తున్నాను. మిగతా బార్జిలకు కూడా చెబుతున్నాను. వస్తున్నాను."

అంత తేలిగ్గా తీసేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

మా అమ్మాయి గడియారం చూసుకుని, "పోటు ఇంకెంతసేపు ఉంటుంది?" అని అడిగింది. నన్ను కాదు, దానయ్యని అడిగింది.

బార్జి వచ్చింది. బరకాలన్నీ దిగాయి. ఓబులేసు నన్ను చూసి ఏ జోకూ వేయలేదు. నేనూ వెళ్ళి చుట్టలకి భుజం పట్టాను. సాయంత్రం అన్నం వండి రెండు కంచాలు పెట్టాను. అమ్మి రాలేదు.

జ్యేష్ఠ బహుళ పాడ్యమి

పొద్దున్నే యూనిఫాంలో వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"నిన్ను సరంగు పని నుంచి తప్పించాను. మొగ దానయ్య చూస్తాడు. నువ్వు దింపుడు పనిలో ఉండు."

"అలాగే మేడమ్" అన్నాను.

"అయ్యా" అంది. "నాను నిన్ను అడగనేదు. ఎందుకో అడుగుదామనిపించి కూడా అడగనేదు. సరంగుని అడక్కూడదని" అని చెప్పి వెళ్ళిపోయింది.

తండ్రినన్న నమ్మకం కాదు, సరంగునన్న నమ్మకం. అది తండ్రి దగ్గర నేర్చుకున్నదే. దాన్నే అమ్ముకుని తిన్నాను.

జ్యేష్ఠ బహుళ అష్టమి

బరకం పరవడం అయింది. అతుకులు పెట్టే మిషను దగ్గర రాత్రీ పగలూ ఒంగొని ఒంగొని ఓబులేసు నడుం పట్టేసింది. మొన్న మొదలైన వాన ఆగుతూ ఆగుతూ కురుస్తోంది. చెరువులో నీళ్ళు నిలిచాయి. నడుం లోతు, తరవాత ఛాతీ లోతు. సిపాయిలు కుర్రాళ్ళలాగా గట్టెక్కి కేకలు వేశారు. ఓడ మీది వాళ్ళు పాత్రలు మోగించిన చప్పుడు ఇక్కడికి వినిపించింది.

ఎవరికీ కనపడకుండా గట్టు చివర నిలబడి చూశాను. నా కూతురు కట్టిన చెరువు. గొంతు చించుకుని అరవాలని ఉంది. ఈ సంతోషంలో నాకు వాటా లేదు, అయినా వస్తుంటే ఎలా ఆపుకోను?

సాయంత్రం అమ్మి వచ్చింది.

"ఆకలేసి వచ్చాను. ఏటీ మాట్లాడకు" అంది.

అన్నం పెట్టాను. తిన్నది. కూరలో ఉప్పు లేదని నాకు తరవాత తెలిసింది, అది చెప్పలేదు.

జ్యేష్ఠ అమావాస్య

పొద్దున మా అమ్మాయి వెళ్ళింది.

మూడు రోజుల నుంచి ఓడ జనం పడవల్లో దిగుతున్నారు. నేను బుట్టలూ మంచాలూ మోస్తున్నాను. ఈ రోజు బార్జి కంకర దింపి, యూనిట్ సామానూ సిపాయిలనీ ఎక్కించుకుంది. ఓబులేసు నా భుజం మీద చెయ్యి వేసి, "ఆడ నెత్తళ్ళు దొరకవంట పెద్దాయనా" అన్నాడు. ఒక మూట కట్టి ఇచ్చాను.

ఆఖరి పెట్టె మోస్తూ మొగ వైపు చూశాను. దక్షిణం నుంచి పొడుగు కెరటం ఒకటి లేస్తున్నట్టు కనపడింది. పెట్టెతోనే మా అమ్మాయి దగ్గరికి పరిగెత్తినంత పని చేసి, దాన్ని కింద పెట్టాను.

"అమ్మీ, ఇవాళ వద్దు."

అందరూ ఆగిపోయారు. మైకు పట్టుకున్న దానయ్య చెయ్యి దించేశాడు. అమ్మి నా వైపు తిరిగింది. కోపం లేదు దాని మొహంలో. పని మీద అడిగినట్టే అడిగింది.

"సముద్రమా అయ్యా, నువ్వా?"

మళ్ళీ మొగ వైపు తిరిగి చూశాను. ఒక కెరటం వచ్చింది, పోయింది. ఇంకొకటి. ఎడమ రాయి మీద నురగ ఎంత లేస్తోంది, ఎంతలో పడుతోంది. నా జన్మంతా చేసిన పనే. కానీ చూసే కొద్దీ నాకు కెరటం కనపడటం లేదు, దాని మీద తేలే బార్జి కనపడుతోంది, బార్జి మీద నా బిడ్డ కనపడుతోంది.

"నానే" అన్నాను. "నానేనమ్మా. దానయ్యనడుగు."

దానయ్య తీరిగ్గా చూశాడు. నేను నేర్పినట్టే కళ్ళు చికిలించి చూశాడు. "ఎల్లొచ్చు" అన్నాడు.

అమ్మి వంగి నా కాళ్ళ దగ్గరున్న పెట్టె తనే ఎత్తుకుని బార్జి ఎక్కింది. మొగలో బార్జి ముందుభాగం లేచింది, అలాగే ఆగినట్టయింది, తరవాత మెత్తగా దిగింది, దాటేసింది. నా మాట తప్పయినందుకు ఇంత సంబరం నాకెప్పుడూ కలగలేదు. అక్కడే ఇసకలో కూర్చున్నాను.

దానయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. "మావా, నీకు నిజంగా తెల్డం లేదేటి, కెరటం ఎలాగున్నాదో?"

"తెల్లేదురా. బయమేసింది. బయమూ కెరటమూ ఒక్కలాగే కనపడ్డాయి."

"మరి రేపొద్దున నాకెలాగ తెలుస్తాది?"

"నీవోళ్ళు బార్జి మీద ఉన్న రోజున మైకు పట్టుకోకు. పక్కోడికియ్యి" అన్నాను.

తల పంకించాడు. ఓడ పడవ ఇంకొకటి వస్తోంది, అందులో మంచాలున్నాయి. లేచి వెళ్ళాను.